రిమోట్ పడవ కొనేముందు: ఆగిపోతే ఏమవుతుందో చూడండి

వేసవి సెలవులు దగ్గరపడేసరికి మన ఇళ్ళల్లో పిల్లల కోరికల చిట్టా మొదలవుతుంది. ఈ మధ్య ఆ చిట్టాలో రిమోట్ కారు కిందికి జరిగి రిమోట్ పడవ పైకి వచ్చింది. కారణం మనకి తెలిసిందే. మెట్టకూరు వెళ్తున్నాం, అక్కడ గోదావరి ఉంది, కాబట్టి పడవ కావాలి. బెంగళూరులోనో చెన్నైలోనో అపార్టుమెంటులో పెరుగుతున్న పిల్లలకి ఊరంటే ముందు గుర్తొచ్చేది నీళ్ళే. ఏది కొనాలి, ఎంత పెట్టాలి అని మన బంధువుల్లో నలుగురైదుగురు అడిగారు. విడివిడిగా ఫోన్లో చెప్పేకంటే ఇక్కడ ఒకసారి రాస్తే అందరికీ పనికొస్తుందని రాస్తున్నాం.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. ఎంత వేగంగా పోతుంది, ఎంత దూరం పోతుంది అన్నది చూసి పడవ కొనకండి. నీళ్ళ మధ్యలో ఆగిపోతే ఏమవుతుంది అన్నది చూసి కొనండి. వీధిలో రిమోట్ కారు ఆగిపోతే పిల్లాడు నడుచుకుంటూ వెళ్ళి తెచ్చుకుంటాడు. పడవ ఆగిపోతే నీళ్ళలోకి దిగుతాడు. కొనేవాళ్ళు ఆలోచించాల్సింది ముందు ఈ తేడా గురించే. ధర, రంగు, కంపెనీ అన్నీ ఆ తర్వాతే.

మేము చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. సరిగ్గా పనిచేస్తున్నదాన్ని పట్టుకుని, నెట్ పోతే ఏమవుతుంది, రెండుసార్లు నొక్కితే ఏమవుతుంది, మధ్యలో ఛార్జింగ్ అయిపోతే ఏమవుతుంది అని అడుగుతూ ఉండడమే మా జీతం. ఆ అలవాటు బొమ్మల దుకాణంలో కూడా పోదు. డబ్బా మీద అచ్చేసిన ఫొటో ఎప్పుడూ అన్నీ సవ్యంగా జరిగిన రోజుది. మన పిల్లలు ఆడేది మాత్రం మిగతా రోజుల్లో.

ముందు మన నీళ్ళ సంగతి చూద్దాం. బయట పుట్టిన పిల్లలకే కాదు, వాళ్ళ అమ్మానాన్నల్లో కొందరికి కూడా ఇది సరిగ్గా తెలియదు. యానాం అంటే ఆంధ్ర మధ్యలో ఉన్న 30 చదరపు కిలోమీటర్ల పుదుచ్చేరి ముక్క. గౌతమీ గోదావరి నుంచి కోరింగ ఏరు విడిపోయే చోట ఉంది. సముద్రం దగ్గరే. అందుకని ఇక్కడి నీళ్ళు ఒక్క దిక్కుకే పోవు. పోటు వచ్చినప్పుడు సముద్రం నీటిని పైకి నెడుతుంది, పాటు వచ్చినప్పుడు వెనక్కి లాగుతుంది. పొద్దున మన వైపు వచ్చిన పడవ మధ్యాహ్నం అదే చోట నుంచి అవతలికి పోవచ్చు. ఒడ్డున నిలబడి చూస్తే నీళ్ళు కదుల్తున్నట్టే ఉండదు. రాజీవ్ బీచ్ దగ్గర సాయంత్రం కూర్చుంటే గోదావరి పెద్ద చెరువులా నిశ్శబ్దంగా కనిపిస్తుంది. ఆ నిశ్శబ్దాన్ని నమ్మి పిల్లాడి చేతికి రిమోట్ ఇవ్వకూడదు.

వానాకాలం అయితే చెప్పక్కర్లేదు. ఎక్కడో మహారాష్ట్రలో, ఛత్తీస్‌గఢ్‌లో వాన పడితే ధవళేశ్వరం దాటి ఆ నీళ్ళన్నీ మన ముందు నుంచే సముద్రంలోకి పోవాలి. 1986 ఆగస్టు వరదని మన పెద్దవాళ్ళు ఇప్పటికీ తేదీలతో సహా చెప్తారు. 2022 జూలైలో వరద నీరు యానాం వీధుల్లోకి వచ్చింది కూడా చూశాం. పేరులోనే మెట్ట ఉన్న ఊరు కదా అని ధీమాగా ఉండడానికి లేదు. మెట్ట ఇళ్ళకి ఆనుతుంది గానీ, ఏటికి కాదు.

ఇంకో విషయం ఉప్పు. పోటుతో పాటు ఉప్పునీరు పైకి వస్తుంది. వెయ్యి రూపాయల పడవలో ఉండే మోటారు కడ్డీ, బ్యాటరీ దగ్గర ఉండే రేకు ముక్కలు ఉప్పునీటికి తట్టుకునేలా చేసినవి కావు. అలాంటి నీళ్ళలో ఒక్కసారి దింపినా మంచినీళ్ళతో కడిగి, నీడలో ఆరబెట్టి, మోటారు కడ్డీ మీద ఒక చుక్క మిషను నూనె వెయ్యకపోతే వచ్చే సెలవుల నాటికి అది తుప్పు పట్టి కదలదు.

ఇవన్నీ కలిపి చూస్తే మా మాట ఇది: గోదావరి చూడడానికి, పెద్దవాళ్ళతో నిజం పడవ ఎక్కడానికి. రిమోట్ పడవ మాత్రం తొట్టిలో నడపడానికి. పెరట్లో సిమెంటు తొట్టి, మేడ మీద గాలి నింపే ప్లాస్టిక్ కొలను, పిల్లాడి మోకాలి లోతు దాటని చిన్న గుంట, ఇవి చాలు. 'ఇంత దూరం వచ్చి తొట్టిలోనా' అని తాతయ్యలు నవ్వుతారు. నవ్వనివ్వండి. ప్రపంచంలో మొదటి రేడియో పడవ కూడా తొట్టిలోనే నడిచింది. 1898లో నికోలా టెస్లా న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో నీళ్ళు నింపిన తొట్టెలో తన పడవని దూరం నుంచి తిప్పి చూపించాడు. అంతటివాడే తొట్టితో మొదలుపెడితే మన ఎనిమిదేళ్ళవాడికి అదేం చిన్నతనం కాదు.

తొట్టి అని నిర్ణయించుకుంటే కొనడం కూడా సులువవుతుంది, ఖర్చూ తగ్గుతుంది. కొంచెం లెక్క చూడండి. గంటకి 25 కిలోమీటర్ల వేగం అని డబ్బా మీద గొప్పగా రాస్తారు. అంటే సెకనుకి దాదాపు 7 మీటర్లు. మూడు మీటర్ల తొట్టిలో అది అర సెకనులో అవతలి గోడకి గుద్దుకుంటుంది. పిల్లాడు బొటనవేలు కదిపేలోపే ఆట అయిపోతుంది. గంటకి 5 కిలోమీటర్ల పడవ అయితే సెకనుకి మీటరున్నర కూడా పోదు. తిప్పడం, వెనక్కి తేవడం, ఒడ్డుకి ఆనించడం నేర్చుకోవడానికి వాడికి కాస్త సమయం దొరుకుతుంది. వేగానికి మనం పెట్టే ప్రతి వందా పిల్లాడి చేతిలోంచి ఆటని లాగేసుకోవడానికే. అరచేతి కంటే కొంచెం పెద్దగా, నెమ్మదిగా పోయే పడవ వెయ్యి నుంచి రెండు వేల లోపే దొరుకుతుంది. మొదటి పడవకి అంతకంటే పెట్టక్కర్లేదని మా గట్టి అభిప్రాయం.

కొన్నాక, వెనక్కి ఇచ్చే గడువు దాటకముందే, ఇంట్లో బకెట్టులోనో తొట్టిలోనో కొన్ని పరీక్షలు చెయ్యండి. పిల్లాడికి ఇచ్చేముందు ఇవి పెద్దవాళ్ళు చెయ్యాల్సినవి.

మొదటిది, పడవ చేతిలో ఉండగా రిమోట్ నొక్కండి. వెనక ఫ్యాను తిరగకూడదు. చాలా పడవలకి అడుగున రెండు చిన్న లోహపు చుక్కలు ఉంటాయి. అవి నీటికి తగిలితేనే మోటారు తిరుగుతుంది. పిల్లల వేళ్ళు తెగకుండా ఉండడానికి చేసిన ఏర్పాటు అది. అది లేని పడవ ఎంత చవకగా వచ్చినా వద్దు.

రెండోది, పడవ నీళ్ళలో పోతుండగా రిమోట్ ఆపెయ్యండి. పడవ ఆగాలి. రిమోట్‌తో సంబంధం తెగినా మోటారు తిరుగుతూనే ఉంటే, ఒకరోజు అది అలాగే పోతూ పోతూ మీ చెయ్యి దాటిపోతుంది. మా లెక్కలో ఇది అన్నిటికంటే ముఖ్యమైన పరీక్ష. ఇందులో తప్పినదాన్ని మారుమాట లేకుండా వెనక్కి పంపెయ్యండి.

మూడోది, తలకిందులు చెయ్యండి. కొన్ని తమంతట తామే తిరిగి లేస్తాయి. లేవకపోయినా ఫర్వాలేదు, మునక్కుండా తేలితే చాలు. పది నిమిషాల తర్వాత మూత తీసి లోపల తడి ఉందేమో చూడండి.

నాలుగోది, ఛార్జింగ్ పూర్తిగా అయిపోయేదాకా నడిపి గడియారం చూడండి. చిన్న పడవలు ఎక్కువగా పది, పదిహేను నిమిషాలు నడుస్తాయి. మళ్ళీ ఛార్జింగ్ ఎక్కడానికి గంట పైనే పడుతుంది. చివర్లో రిమోట్ ఏమైనా శబ్దం చేసి హెచ్చరిస్తుందా, లేక ఉన్నట్టుండి ఆగిపోతుందా? హెచ్చరించకపోతే, మీకు వచ్చిన నిమిషాల్లో సగం కాగానే పడవని వెనక్కి పిలవాలని పిల్లాడికి అలవాటు చెయ్యండి.

ఐదోది, ఇద్దరు పిల్లలున్న ఇళ్ళకి. రెండు పడవలూ ఒకేసారి నడిపి చూడండి. 2.4 గిగాహెర్ట్జ్ అని రాసి ఉన్నవి ఒకదాని రిమోట్‌కి ఇంకొకటి లొంగవు. పాతరకం 27, 49 మెగాహెర్ట్జ్ వాటిల్లో రెండూ ఒకే రకం తీసుకుంటే అన్న రిమోట్ నొక్కితే చెల్లి పడవ తిరుగుతుంది. తర్వాత జరిగే యుద్ధం మీకు తెలుసు.

బ్యాటరీ గురించి రెండు మాటలు. ఊడదీసి మార్చుకునే బ్యాటరీ ఉన్న పడవే కొనండి. లోపల అతికించేసినది అయితే బ్యాటరీ పోయిన రోజు పడవ కూడా చెత్తబుట్టకే. డబ్బాలో ఇంకో బ్యాటరీ అదనంగా ఇస్తే మంచిది. లిథియం బ్యాటరీని తడిగా ఉన్నప్పుడు ఛార్జింగ్ పెట్టకూడదు, ఎండలో ఆడి వేడెక్కినప్పుడూ పెట్టకూడదు. ఉబ్బినట్టు కనిపిస్తే ఇక వాడకూడదు. రాత్రి పెట్టి పడుకోవడం అసలు వద్దు. రిమోట్‌కి పెన్సిల్ సెల్లులు విడిగా కొనాలి, ఆ ఖర్చు కూడా బడ్జెట్‌లో వేసుకోండి.

ఐఎస్ఐ గుర్తు చూడడం మర్చిపోకండి. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో 14 ఏళ్ళ లోపు పిల్లల బొమ్మలకి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. కరెంటుతో, బ్యాటరీతో నడిచే బొమ్మలకి ఐఎస్ 15644 అనే ప్రమాణం ఉంది. ఆన్‌లైన్‌లో చాలా పడవల డబ్బాల మీద '14 ఏళ్ళు పైబడినవారికి' అని చిన్న అక్షరాలతో ఉంటుంది. అంటే అది మన ఎనిమిదేళ్ళవాడి కోసం పరీక్షించిన బొమ్మ కాదన్నమాట. ఫొటోలో మాత్రం ఎనిమిదేళ్ళవాడే నవ్వుతూ ఉంటాడు. విదేశీ బొమ్మల మీద దిగుమతి సుంకం 2020లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి పెరిగింది. అందుకే పదేళ్ళ కిందట చవకగా దొరికిన పడవ ఇప్పుడు అదే ధరకి రాదు. మరీ చవకగా వస్తోందంటే ఎక్కడ తగ్గించారో అని ఒకసారి అనుమానించండి.

ఇప్పుడు వయసు. ఆరేళ్ళ లోపు పిల్లలకి రిమోట్ పడవ వద్దే వద్దు. వాళ్ళకి థర్మకోల్ ముక్కకి రబ్బరు బ్యాండు, ఐస్‌క్రీమ్ పుల్లలు కట్టి మనం చేసిన పడవ చాలు. రబ్బరు మెలిపెట్టి వదిలితే తెడ్డులా తిరిగి దానంతట అదే పోతుంది. జాతరల్లో అమ్మే రేకు పడవ గుర్తుందా, లోపల చిన్న దీపం పెడితే టపటపమంటూ పోయేది? ఆ రకం పడవకి థామస్ పియో అనే ఆయన 1891లోనే పేటెంటు తీసుకున్నాడు. చిన్న రేకు డబ్బాలో నీళ్ళు ఆవిరై గొట్టాల్లోంచి నీటిని బయటికి తోస్తుంది, చల్లబడగానే మళ్ళీ లోపలికి లాగుతుంది. రేకు కాలుతుంది కాబట్టి పెద్దవాళ్ళ చేత్తోనే వెలిగించాలి. పోలి పాడ్యమినాడు అరటి దొప్పల్లో దీపాలు వదలడం మన ఇళ్ళల్లో ఇంకా ఉంది. అదీ పడవే. ఆరు నుంచి పదకొండు దాకా మనం పైన చెప్పిన చిన్న రిమోట్ పడవ. ఆ పైన, వాడికి ఈత వచ్చాక, అప్పటికీ మోజు తగ్గకపోతే పెద్దది ఆలోచించొచ్చు.

ఇక అసలు మాట. మన దగ్గర రెండున్నర వేలుంటే మొత్తం పడవ మీదే పెట్టకండి. అందులో కొంత పిల్లాడి కొలతకి సరిపోయే లైఫ్ జాకెట్‌కి తియ్యండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 నివేదిక ప్రకారం 5 నుంచి 14 ఏళ్ళ పిల్లల మరణాలకి కారణాల్లో నీట మునగడం మూడో స్థానంలో ఉంది. పడవ లేని రోజున కూడా జాకెట్ పనికొస్తుంది, లాంచీ ఎక్కినా పనికొస్తుంది. అలాగే ఒక టెన్నిస్ బంతికి పది మీటర్ల నైలాన్ తాడు కట్టి సంచిలో వేసుకోండి. గుంట మధ్యలో పడవ ఆగిపోతే, ఫ్యానుకి గుర్రపు డెక్క చుట్టుకుంటే, బంతిని పడవ అవతలికి విసిరి తాడుతో మెల్లగా లాక్కోవచ్చు. డబ్బా మీద 100 మీటర్ల రేంజి అని ఉంటుంది. మా లెక్కలో అసలు రేంజి ఆ తాడు అందినంత దూరమే. తాడు అందకపోతే పడవ పోయినట్టే. పిల్లాడికి ముందే చెప్పి ఒప్పించాల్సింది ఇదే: "పడవ పోతే పోనీ, ఇంకోటి కొంటాం. నువ్వు మాత్రం నీళ్ళలో దిగకు." ఈ మాట మనస్ఫూర్తిగా చెప్పాలంటే పడవ చవకది అయ్యుండాలి. ఏడు వేలు పెట్టి కొన్నది కొట్టుకుపోతుంటే పిల్లాడు ఆగినా నాన్న ఆగడు. చవకది కొనమనడానికి డబ్బు కంటే ఇదే మాకు పెద్ద కారణం.

దీనికి మన కుటుంబంలోనే రెండు అభ్యంతరాలు వచ్చాయి. అమెరికా నుంచి వచ్చే మావయ్యలు, బాబాయిలు అంటారు, 'చవకది వారంలో పాడవుతుంది, మంచిది ఒకటి నేనే తెస్తా' అని. వాళ్ళ ప్రేమని కాదనం. కానీ ఆ పడవలు పెద్ద సరస్సుల కోసం చేసినవి. ఇక్కడ వాటికి స్పేర్ పార్టులు దొరకవు, నడపడానికి నీళ్ళూ దొరకవు. బెంగళూరులో చెరువులకి చాలాచోట్ల కంచెలున్నాయి, అపార్టుమెంటు ఈతకొలనులో అసోసియేషన్ వాళ్ళు ఒప్పుకోరు. అదే డబ్బుతో పిల్లాడిని ఈత క్లాసులో చేర్పించమని మేము అడుగుతాం.

రెండో అభ్యంతరం పెద్దమ్మలది, ఇది ఇంకా బరువైనది. 'ఊరికి వచ్చి కూడా చేతిలో మీటలేనా? నిజం పడవ ఎక్కించండర్రా' అంటారు. ఎక్కించాల్సిందే, ఒప్పుకుంటాం. కానీ ఒకటి గమనించాం. పడవలో కూర్చున్న పిల్లాడు ఫోటోలకి నవ్వుతాడు. పడవని తనే నడిపే పిల్లాడు ప్రశ్నలు అడుగుతాడు. ఎటు తిప్పితే ఎటు పోతుంది, గాలికి ఎందుకు పక్కకి జరుగుతోంది, వెనక్కి ఎందుకు రావట్లేదు? ఆ ప్రశ్నలకి జవాబు చెప్పడానికి తెలుగు మాటలు కావాలి. చుక్కాని, తెడ్డు, గెడ, లంగరు, తెరచాప, రేవు. పడవ ముందు భాగం అణియం, వెనక భాగం అమరం. లాంచీ నడిపే ఆయన సరంగు. 2002లో బాలయోగి గారి పేరు మీద యానాం–ఎదుర్లంక వంతెన వచ్చేదాకా అవతలి ఒడ్డుకి పోవాలంటే పంటు ఎక్కాలి. ఇవన్నీ మన పెద్దవాళ్ళ నోళ్ళలో ఇంకా ఉన్నాయి. అడిగేవాళ్ళు లేక బయటికి రావట్లేదు, అంతే.

మేము చదువుకున్నది కన్నడ మీడియంలో. పడవ అంటే బడిలో మాకు 'దోణి', తెడ్డు అంటే 'హుట్టు', పడవ నడిపేవాడు 'అంబిగ'. కువెంపు గారి పడవ పాట బడిలో పాడాం, పన్నెండో శతాబ్దపు అంబిగర చౌడయ్య వచనాలు చదివాం. మా తెలుగు ఇంట్లో విన్నదే. ఆ తర్వాత తెలిసింది, తెలుగులోనూ 'దోనె' ఉందని, మన కోరింగ, కాకినాడ తీరంలో సరుకులు మోసిన తెరచాప ఓడల్ని కూడా 'దోనీ'లనే అనేవారని. రెండు భాషల్లోనూ మాట ఒకటే. కాబట్టి పిల్లాడు బడిలో నేర్చుకున్న మాటని తప్పని కొట్టెయ్యకండి, దాని పక్కన మన మాట పెట్టండి. తమిళం, మరాఠీ, ఇంగ్లీషు, ఏ బడి అయినా సరే.

మన పక్కనున్న కోరింగ, తాళ్ళరేవు ఒకప్పుడు ఓడలు కట్టిన చోట్లు. అక్కడి రేవు నుంచి ఓడలెక్కి బర్మా వెళ్ళిన తెలుగువాళ్ళని అక్కడివాళ్ళు ఊరి పేరుతోనే 'కొరంగీలు' అన్నారు. బయట స్థిరపడిన మనందరికీ ఆ పేరు కొంచెం తగులుతుంది. పొట్టకూటికి నీళ్ళు దాటిన ఊళ్ళ పిల్లలకి పడవ బొమ్మ కేవలం బొమ్మ కాదు. కానీ అదే కోరింగని 1789లో, మళ్ళీ 1839లో తుపానులు ముంచేశాయి. ఈ నీళ్ళని ప్రేమించినవాళ్ళెవరూ వాటిని తేలిగ్గా తీసుకోలేదు. పిల్లలకి రెండూ చెప్పాలి.

కాబట్టి ఈసారి వచ్చేటప్పుడు సంచిలో పెట్టుకోవాల్సినవి ఇవి: నెమ్మదిగా పోయే చిన్న పడవ, అదనపు బ్యాటరీ, పెన్సిల్ సెల్లులు, లైఫ్ జాకెట్, టెన్నిస్ బంతి, పది మీటర్ల తాడు. తొట్టి సంగతి ఇక్కడ మేము చూసుకుంటాం. తొట్టి పక్కన కుర్చీ వేసి ఒక తాతయ్యనో అమ్మమ్మనో కూర్చోబెట్టండి. పిల్లలు నీళ్ళ దగ్గరున్నంతసేపూ ఒక పెద్దవాళ్ళ కళ్ళు వాళ్ళ మీదే ఉండాలి, ఫోన్ మీద కాదు. మీరు కొన్న పడవ రెండో పరీక్షలో నెగ్గిందో లేదో మాత్రం తప్పకుండా రాయండి, తర్వాత కొనేవాళ్ళకి పనికొస్తుంది.